ఎలీసమ్మ చలివేంద్రానికి అయిదో సంతకం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ వీరలక్ష్మి అంటుంది. నిజమే. కానీ ఈ సంగతిలో కోపమంతా నామీద నాకే.

రాజోలు బస్సూ, మలికిపురం బస్సూ ఆగేది మా సెంటర్లోనే. మా నాన్న రోజుల్లో ఇక్కడ కొబ్బరికాయల బళ్లు విప్పేవారు. తర్వాత రిక్షాలు, ఆ తర్వాత ఆటోలు. ఎన్నికల సభలు, అమ్మవారి ఊరేగింపు, క్రిస్మస్ ర్యాలీ, కరెంటు కోసం ధర్నా, అన్నీ ఇక్కడే. పిల్లనిచ్చేవాళ్లు అబ్బాయి గురించి ఆరా తీసేదీ ఇక్కడి టీకొట్లోనే. ఈ సెంటర్లో నేను ఫొటో స్టూడియో పెట్టి ముప్ఫయ్యేళ్లు. నా పేరు శ్రీరామచంద్రమూర్తి.

స్టూడియోకి ఎదురుగా ఎలీసమ్మ చలివేంద్రం. ఆవిడ భర్త మత్తయి కొబ్బరికాయలు ఒలిచే పనికి వెళ్లేవాడు. ఒక మే నెలలో, ఇద్దరూ బస్సు కోసం నిలబడి ఉండగా, వడదెబ్బకి నా స్టూడియో ముందే కూలిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. మరుసటి వేసవికి ఎలీసమ్మ తాటాకు పందిరి వేసి, రెండు కుండలు పెట్టి, వచ్చేపోయేవాళ్లకి నీళ్లు పోయడం మొదలుపెట్టింది. ఇరవై రెండు వేసవులు గడిచాయి. ఒక్క రోజు మానలేదు.

ఏటా మార్చిలో ఎవరో ఒక నాయకుడు వచ్చి ఆ పందిరికే రిబ్బను కట్టి కత్తిరించేవాడు. వెనక ఫ్లెక్సీ, మెళ్లో దండ, చేతిలో మజ్జిగ గ్లాసు. ఫొటో తీసేది నేను. మర్నాటి నుంచి ఆ పెద్దమనిషి జాడ ఉండదు. కుండలు నింపేది ఎలీసమ్మే.

ఈ ఏడు పంచాయతీవాళ్లు సెంటరు రూపు మార్చారు. టైల్స్ వేశారు, బెంచీలు వేశారు, పందిళ్లూ బడ్డీలూ తీయించేశారు. మంచినీళ్లకి మాత్రం ఒక చోటు ఉంచారు. పదేళ్లుగా నడుపుతున్నట్టు రుజువు చూపిస్తేనే ఇస్తారట, లేకపోతే బాటిల్ నీళ్లు అమ్మేవాళ్లకి పోతుందట. శుక్రవారం ఆఖరు.

ఎలీసమ్మ నా దగ్గరకొచ్చింది. "ఫొటోలన్నీ తవరి దగ్గరే ఉంటాయి కదండీ బాబుగారూ. ఆ చోటు పోతే నేనింకెక్కడ నిలబడనండీ?"

"ఒకటేంటి, ఇరవై ఇస్తాను పో" అన్నాను గొప్పగా.

ఆల్బములు, సీడీలు, కంప్యూటరు, అన్నీ తిరగేశాను. నాయకులున్నారు, వాళ్ల బామ్మర్దులున్నారు. ఎలీసమ్మ ఒక్కదాంట్లోనూ లేదు. ఎందుకుంటుంది? ప్రతి ఏడూ "ఎలీసమ్మా, కాస్త పక్కకి జరుగు" అన్నది నేనే కదా. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇద్దరం పంచాయతీ ఆఫీసుకి వెళ్లాం. అక్కడి అధికారి దుర్గాశ్రీగారు చిన్న వయసే అయినా నిదానస్తురాలు. "ఫొటోలు లేకపోతే పోనివ్వండి. పాత షాపులవాళ్లు అయిదుగురు, పదేళ్ల నుంచీ ఈవిడ దగ్గర నీళ్లు తాగుతున్నామని రాసి సంతకాలు పెట్టండి, చాలండి" అన్నారు. సెంటర్లో పాత షాపులు సరిగ్గా అయిదే మిగిలాయి. నలుగురు టకటకా పెట్టేశారు. అయిదోవాణ్ణి నేను.

పెన్ను కదల్లేదు. ఆ కుండల్లో నీళ్లు నేనెప్పుడూ ఒక్క గుక్క తాగలేదు. రోజూ ఇంటి నుంచి సీసా తెచ్చుకుంటాను. అలవాటని చెప్పుకునేవాణ్ణి. అలవాటు కాదు, ఊరవతలి పేట మనిషి పోసిన నీళ్లని. మా ఇళ్లల్లో ఆ మాట పైకి అనరు, అంతే.

ఇంటికెళ్లి వీరలక్ష్మికి చెప్పాను. బెండకాయలు తరుగుతూ తలైనా ఎత్తలేదు.

"నేను తాగుతానండి, బజారుకొచ్చినప్పుడల్లా. చెబితే ఇల్లెగిరిపోయేలా అరుస్తారని చెప్పలేదు."

"అయితే నువ్వే పెట్టు సంతకం."

"నాకు షాపు లేదు కదండీ" అంది.

మళ్లీ సెంటరుకొచ్చాను. పందిరి పోయినా ఎలీసమ్మ ఒక్క కుండతో గోడ నీడన నిలబడే ఉంది. దగ్గరికెళ్లి, "నేనెప్పుడూ నీ దగ్గర నీళ్లు తాగలేదు ఎలీసమ్మా" అన్నాను.

"తెలుసండి" అంది. కుండ మీద మూత తీస్తూ, "ఆయన పడిపోయిన రోజునా మీ సీసా మెట్టు మీదే ఉందండి. అడగడానికి నాకు నోరు రాలేదు" అంది.

అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణా? ఇచ్చేవాణ్ణని ఒట్టేసి చెప్పలేను. ఆవిడ గ్లాసు నింపి అందించింది. తాగాను. ఇంకో గ్లాసు అడిగి తాగాను. అక్కడే నిలబడి ఉన్నదున్నట్టు రాశాను: "ఇరవై రెండేళ్లుగా ఈవిడ అందరికీ నీళ్లు పోయడం రోజూ చూస్తున్నాను. నేను మాత్రం ఈ రోజే తాగాను. తప్పు నాది."

శుక్రవారం దుర్గాశ్రీగారు అయిదు కాగితాలూ చదివారు. నాది రెండుసార్లు చదివారు. "ఆ నాలుగూ ఒకళ్లు చెబితే రాసినట్టున్నాయండి. ఇది చదివేక నమ్మేను" అని ముద్ర వేసి, ఆ చోటు ఎలీసమ్మ పేరున రాసిచ్చారు.

వరండాలో కాగితం పట్టుకుని ఆవిడ ఏడ్చేసింది. ఏం చెయ్యాలో తోచక, "పదండి ఎలీసమ్మగారూ" అన్నాను. ఇన్నేళ్లలో ఆవిడ పేరు పక్కన నేను గారు పెట్టడం అదే మొదలు. ఆవిడ నావైపు చూసి, చెంగుతో మొహం తుడుచుకుని, "జనం బస్సు దిగే వేళయిందండి" అంటూ గబగబా మెట్లు దిగింది.