మస్తాన్‌బీ ఊడ్చిన చేను

1983లో నేను ఆత్మకూరులో, సోషల్ ఫారెస్ట్రీలో ఫారెస్టరుని. నర్సరీలో మొక్కలు పెంచి బంజర్లలో నాటించడం నా పని. ఊరి బయట మూతపడిన తోళ్ల కార్ఖానా ఒకటి ఉండేది. దాని ఉప్పునీళ్లు, సున్నపునీళ్లు ఏళ్ల తరబడి పారి, పక్కనున్న మస్తాన్‌బీ చేను తెల్లగా పొరకట్టింది. గడ్డిపరక మొలవదు. భర్త పోయాక ఆమెకు మిగిలింది ఆ చేనొక్కటే.

దాన్ని ఇటికెల బట్టీకి ఇచ్చేయమని మరిది పోరు.

"చచ్చిన నేల భాభీ. మట్టన్నా పనికొస్తాది."

"చచ్చిందో బతికిందో నేను చెప్పాల, నువ్వు కాదు," అని ఆమె తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

వాననీళ్లు నిలిచి ఉప్పు కిందికి దిగేలా గట్లు వేయించాను. రైజోబియం కల్చర్ పట్టించిన కానుగ మొక్కలు నాటించాను. కల్చర్ అంటే సూక్ష్మజీవులు కలిపిన నల్లపొడి. అవి వేళ్లలో కాపురముండి గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తాయి. పాలకు తోడు వేసినట్టే.

రెండేళ్లలో మొక్కలు మొండిగా బతికి మనిషెత్తు లేచాయి. కింద నేల మాత్రం అదే తెలుపు, అదే గట్టితనం. నాకు అంతుపట్టలేదు. ఒకనాడు పొద్దున్నే వెళ్తే మస్తాన్‌బీ చెట్ల కింద చీపురు పట్టి ఊడుస్తోంది. రాలిన ఆకంతా గట్టు అవతల తగలబడుతోంది. నాకు ఒళ్లు మండింది.

"ఏందమ్మా ఈ పని? ఆ ఆకే కదా నేలకు కూడు!"

ఆమె చీపురు ఆపలేదు. "తోళ్ల కుళ్లంతా దీని మీద పోసి పోయినారు సార్. ఇంక మస్తాన్‌బీ చేను మురికిగా ఉండాదని ఎవురూ అనకూడదు. ఇంటి ముంగిలి మాదిరి పెట్టుకున్నాను."

నా కోపం చప్పున దిగిపోయింది. "మురికి వేరు, ఎరువు వేరమ్మా. ఆకు కుళ్లితేనే నేలలో జీవాలకు తిండి."

"నవ్వుతారు సార్."

"నవ్వనీ!"

ఆమె చీపురు గట్టు అవతలికి విసిరేసింది.

ఇంకో రెండు వానకాలాలు గడిచాక మరిది బట్టీ మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. "ఏంది భాభీ, చేనంతా చెత్త!" అని నవ్వాడు. నేను అక్కడే ఉన్నాను. మస్తాన్‌బీ పార తెచ్చి మరిది చేతిలో పెట్టింది.

"తవ్వు."

పార మెత్తగా దిగింది. నల్లమట్టి పైకొచ్చింది, దాంతోపాటు ఒక వానపాము. మేస్త్రీ ఆ మట్టిని పిసికి, పెదవి విరిచాడు. "ఇది ఇటికెకు పనికిరాదు. అంతా ఆకే. కాలిస్తే పగిలిపోతాది."

"పనికిరాదా? సంతోషం. ఇంక పోండి," అంది మస్తాన్‌బీ.

చెట్టు నాటడంతో నా పని అయిపోదని, దాని కింద రాలే ఆకుకీ కాపలా ఉండాలని ఆ చేను నేర్పింది. ఇప్పటికీ ఎవరైనా ఫలానా నేల చచ్చిందంటే నాకు కోపం ఆగదు. పార చేతికిచ్చి తవ్వమంటాను.