లోపలికి మడిచిన మందు

మా ఆస్పత్రిలో కిడ్నీలు మార్చే సర్జన్ గారికి అనుమానాల డాక్టరని పేరు. రోగి వచ్చి బాగానే ఉన్నానంటే, "ఎందుకు బాగున్నావు?" అని అడిగే రకం.

ఆయన పట్టుకున్న పనీ అలాంటిదే. ఇంకొకరి కిడ్నీని ఒళ్లు పరాయిదని తరిమేయకుండా, పెట్టించుకున్నవాళ్లు జీవితాంతం మందు వేసుకోవాలి. తక్కువైతే కిడ్నీ పోతుంది. ఎక్కువైతే చేతులు వణుకుతాయి, చివరికి ఆ మందే కిడ్నీని దెబ్బతీస్తుంది. అందరికీ ఒకే మోతాదు కాకుండా, రక్తం చూసుకుంటూ ఎవరికి తగ్గట్టు వాళ్లకు కొంచెం కొంచెంగా తగ్గించాలని ఆయన పట్టుదల.

అలా తగ్గిస్తున్న వాళ్లలో ఒక టైలరు ఉన్నాడు. కిడ్నీ ఇచ్చింది అక్క. ఇద్దరిదీ ఒకే దుకాణం. వణుకు వల్ల సూదిలో దారం ఎక్కించలేక, రెండేళ్లుగా అతను కొలతలు రాసుకునే పనికి దిగిపోయాడు. అవీ వంకర అంకెలే. ఒకాయన నడుము ముప్పై నాలుగు కాస్తా ఎనభై నాలుగై కూర్చుంది.

రెండుసార్లు మందు తగ్గించారు. రక్తంలో మందు మాత్రం తగ్గలేదు. వణుకూ తగ్గలేదు. డాక్టరు ముందు ల్యాబును అనుమానించి రక్తాన్ని వేరే చోటికి పంపారు. అదే అంకె. ఆ తర్వాత రోగి మీద పడ్డారు.

"నిజం చెప్పు. పాత మోతాదే మింగుతున్నావు కదూ?"

"ఒట్టు సార్! అక్క డబ్బాలో పెట్టినవి పెట్టినట్టు నోట్లో వేసుకుంటున్నా."

"ఇంకో నెల చూస్తాను. తేలకపోతే ఈ తగ్గింపు నీకు లేదు."

టైలరు బయటికొచ్చి అక్క చెవిలో గొణిగాడు. "అసలు ఈయన తగ్గించాడంటావా? ఉత్తినే రాసి నా మీదేదో పరీక్ష చేస్తున్నాడేమో!"

"ఏమోరా," అంది అక్క, ఎటో చూస్తూ.

దొంగను పట్టేదాకా డాక్టరుకు ఊరట లేదు. ప్యాంటు నడుము బిగించాలన్న వంకతో శనివారం దుకాణానికి వెళ్లారు. తీరా చూస్తే ఒంటి మీద ఉన్నది తప్ప ఇంకో ప్యాంటు తెచ్చుకోలేదు.

"అయితే విప్పివ్వండి. పావుగంట," అంది అక్క.

అలా అంత పెద్ద సర్జనూ నడుముకు పూల లైనింగు గుడ్డ చుట్టుకుని తెర వెనక నిలబడ్డారు. సందులోంచి ఒక కన్ను పెట్టి చూస్తే, దారపు రీళ్ల పక్కన వారం మందుల డబ్బా కనిపించింది.

"చూసుకోండి," అని అక్క ప్యాంటు అందించింది. ఆయన అనుమానంగా తిరగేశారు. మిగిలిన గుడ్డంతా లోపలే ఉంది.

"కోసేయలేదేం?"

"మేం కోసేయం డాక్టర్ గారూ, లోపలికి మడుస్తాం. రేపు మళ్లీ లావైతే విప్పుకోవచ్చు. కోసేశాక ఎక్కడ తెస్తాం?"

డాక్టరు గుడ్డ వంక చూశారు. డబ్బా వంక చూశారు. "అమ్మా, ఆ డబ్బా నింపేది మీరేనా?"

కత్తెర ఆగిపోయింది. ఆయన లైనింగు గుడ్డతోనే బయటికొచ్చి ఆదివారం గడి తెరిచారు. తీసేయమన్న చిన్న క్యాప్సూల్సు రెండూ అందులో బుద్ధిగా కూర్చుని ఉన్నాయి.

"అక్కా!" అన్నాడు తమ్ముడు.

"అరవకు. పాతవి మిగిలితే వేశాను. ఆయన తగ్గించమంటే తగ్గించేయడమేనా? లోపలున్నది ఎవరిది?"

"ఇప్పుడు నాదే కదే!"

"ఏం కాదు, నాదే. నీకు ఉంచుకోమని ఇచ్చాను, పోగొట్టుకోమని కాదు."

"అమ్మా," అన్నారు డాక్టరు మెల్లగా, "ఎక్కువైన మందు దెబ్బతీసేది దాన్నే. మీరిచ్చిన కిడ్నీనే."

అక్క స్టూలు మీద కూలబడింది.

"నేనూ కోసేయడం లేదు," అన్నారాయన. "మడుస్తున్నాను, అంతే. వారం వారం రక్తం చూస్తాను. తేడా వస్తే ఆ రోజే విప్పుతాను."

"ఆ రిపోర్టు నా చేతికివ్వాలి. వీడికి కాదు."

"మీకే."

ఆమె రెండు క్యాప్సూల్సూ తీసి ఆయన అరచేతిలో పెట్టింది. అప్పుడు గానీ తన ప్యాంటు ఇంకా భుజం మీదే ఉందని ఆయనకు గుర్తు రాలేదు.

ఏడో వారం రిపోర్టులో మందు దిగింది, కిడ్నీ బాగుంది. ఆ సాయంత్రం తమ్ముడు సూది పట్టుకున్నాడు. మూడోసారికి దారం ఎక్కింది.

అక్క సూదిని దీపం దగ్గర తిప్పి తిప్పి చూసింది. దారం సర్రున లాగేసింది.

"ముందే ఎక్కించి పెట్టుకున్నావేమో. ఏదీ, నా ఎదురుగా మళ్లీ ఎక్కించు."