లేచిన కత్తి

మెదక్ బస్టాండు ఎదురుగా ఎల్లేష్ కటింగ్ షాపు. అద్దానికి ఆనించిన ఫోనులో రోజంతా ఎవరో ఒక స్టాండప్ కమెడియన్ నవ్విస్తూనే ఉంటాడు. "జోకుల ఏమున్నదన్నా! ఆఖరి మాటకు ముందు జర ఆగుతడు సూడు, మజా అంత గాడనే ఉన్నది!" అంటాడు ఎల్లేష్, కళ్లు మెరిసిపోతుంటే. గడ్డం గీస్తూ అదే జోకు తను మళ్లీ చెబుతాడు. నవ్వితే గొంతు తెగుతుందని, ఆఖరి మాటకు ముందు కత్తి పైకెత్తి ఆగుతాడు. కత్తి లేచిందంటే ఇక నవ్వొచ్చని గిరాకీలందరికీ తెలుసు.

మొన్న ఫంక్షన్ హాల్లో కామెడీ పోటీ పెడితే షాపు మూసి మరీ స్టేజీ ఎక్కాడు. ముందు వరుసంతా అతని గిరాకీలే. తమవాడు ఎక్కడ తడబడతాడోనని వాళ్లకే చెమటలు. జోకు ఊపందుకుంది. ఆఖరి మాట దగ్గరికి రాగానే అలవాటుకొద్దీ ఎల్లేష్ చెయ్యి లేచింది. మైకు తలపైకి పోయి ఆగింది. అంతే, ముందు వరుసలో గడ్డాలన్నీ పైకి లేచి పగలబడి నవ్వాయి, వాళ్లను చూసి హాలంతా. "ఆగుండ్రి జర! ఇంక చెప్పనే లేదు!" అని ఎల్లేష్ గొంతు చించుకున్నాడు. ఎవరికీ వినబడలేదు. మైకు ఇంకా తలపైనే ఉంది.