బొట్టు పెట్టిన రంగూన్ పటం

బెజవాడలో మాకు బట్టల కొట్టు ఉండేది. నాకేమో పాత యుద్ధాల పటాల పిచ్చి. ఏ సైన్యం ఏ నదిని ఎక్కడ దాటిందో కంచం ముందు కూర్చుని కూడా చెప్పేవాణ్ణి. వినేవాళ్లకు ముద్ద దిగేది కాదు.

అసలు గుట్టు ఇప్పుడు చెబుతాను. నాకు పటం చదవడం రాదు. గుడ్డ చూడటం వచ్చు. సైన్యం వాళ్లు పటాల వెనక గుడ్డ అంటించేవారు. దాన్ని వేళ్ల మధ్య నలిపి, నేత చూసి, ఇది ఫలానా యుద్ధానిదని తేల్చేసేవాణ్ణి. కాదనడానికి ఊళ్లో ఇంకొకడు లేడు కనక నేనే పండితుణ్ణి.

మా చెల్లెల్ని పామర్రు ఇచ్చాం. పెళ్లయిన రెండో ఏట దాని మొగుడు రంగూన్‌కి బియ్యం మిల్లు గుమాస్తాగా వెళ్లాడు. జపాన్ వాళ్లు రంగూన్ పట్టుకున్నాక ఉత్తరాలు ఆగిపోయాయి. చెల్లెలు మా ఇంటికి వచ్చేసింది. యుద్ధం అయిపోయినా కబురు లేదు. చుట్టాలు వచ్చి, దాని నుదుటి బొట్టు వంక చూసి, నిట్టూర్చి పోయేవారు. నాకు ఒళ్లు మండేది.

ఆ రోజుల్లోనే బర్మా నుంచి తిరిగొచ్చిన సిపాయి ఒకాయన నాకో పటం ఇచ్చాడు. జపాన్ వాళ్లు వదిలేసిపోయిన మకాంలో దొరికిందట. ఒక్క అక్షరం అర్థమైతే ఒట్టు. ఒక నది, చివర పాయలు, కింద సముద్రం. గుడ్డ నలిపి చూశాను. ఇది బర్మాలో పారే ఐరావతి నది, సందేహం లేదన్నాను. అద్దం కట్టించి ముందుగదిలో తగిలించాను.

మర్నాడు పొద్దున చూస్తే అద్దం మీద కుంకం! మన ఇళ్లలో పటమంటే దేవుడి పటమే కదా. చెల్లెలు తను బొట్టు పెట్టుకుని, వేలికి మిగిలింది దానికి పెట్టింది. ఇది దేవుడు కాదే, దేశం అని కసిరాను.

"అయితే రంగూన్ ఎక్కడుందన్నయ్యా?" అంది.

తెలియదంటే నా పరువేం కాను? నదికి తూర్పున దారులన్నీ కలిసేచోట వేలు పెట్టి, ఇదిగో ఇదేనన్నాను. ఆ రోజు నుంచి దాని వేలికి మిగిలిన కుంకం అక్కడే. ఒక్క పొద్దు తప్పలేదు.

ఏడాది తిరక్కుండా బావ వచ్చాడు. చిక్కి సగమయ్యాడు. మనిషిని చూసి ఇల్లంతా ఏడ్చాం. ఏడుపులు సద్దుమణిగాక నేను ఊరుకుంటానా? చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పటం ముందు నిలబెట్టి, ఎక్కడెక్కడ తిరిగారో చూపించమన్నాను.

ఆయన నది వెంట వేలు పైకి జరుపుకుంటూ వెళ్లి ఒకచోట ఆపాడు.

"బావగారూ, ఇది బర్మా కాదండీ. రెండు కొండల మధ్య ఈ ఆనకట్ట చూడండి, ఇది మన బెజవాడ. బొట్టున్నది మా పామర్రు."

జపాన్ వాళ్లు మన మీదికి దిగాలని గీసుకున్నది కాబోలు. బుద్ధెరిగినప్పటి నుంచి ఆ కాలువల మీద పడవల్లో తిరిగినవాణ్ణి, కంకిపాడు దాకా బట్టల మూటలు మోసినవాణ్ణి, సొంత ఊరినే పోల్చుకోలేకపోయాను. తల కొట్టేసినట్టయింది. ఇంటిల్లిపాదీ నా మొహంలోకే చూస్తున్నారు.

చెల్లెలు మాత్రం నవ్వలేదు. "అన్నయ్య సరిగ్గానే చూపించాడండీ. మీరు రావలసింది అక్కడికే కదా," అంది.

పటం వంకరగా ఉందని గొణుక్కుంటూ గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.