గోడ మీది తల్లి

ఆ తెల్ల గోడ తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ప్రార్థన చేసుకుని పడుకుందామన్నా మండుతూనే ఉంటుంది. నేనూ చర్చికి వెళ్లే మనిషినే. పెళ్లయ్యాక మా ఆయన వెంట ఇపో పట్నంలో వెళ్లడం మొదలుపెట్టాను, ఇష్టపడే వెళ్తున్నాను. కాబట్టి దేవుడి మీద నాకు ఏ కోపమూ లేదు. కోపమంతా ఆ పెయింటు డబ్బాల వాళ్ల మీదే.

ఆస్ట్రేలియా నుంచి మా చర్చికి ఒక మిషన్ బృందం వచ్చింది. సుంగై సిపుట్ దగ్గర రబ్బరు ఎస్టేటులో వారం రోజులు సేవ చేస్తారట, వాళ్ల ఇంగ్లీషు ఎస్టేటు జనానికి, వీళ్ల తెలుగు వాళ్లకు చెప్పడానికి ఒక మనిషి కావాలట. నేను ఆ ఎస్టేటులోనే పుట్టానని నన్ను పంపారు. మా పెద్దమ్మ, అంటే మా నాన్న అన్నగారి భార్య, ఇంకా అక్కడి కూలీల లైను ఇంట్లోనే ఉంటుంది, పెళ్లి కుదిరిన మనవరాలితో. బృందం నాయకుడు ఎప్పుడూ నవ్వుతూ ఉండే పెద్దాయన. ఏది చూసినా ఆయనకు ఆఫ్రికాలో ఒక పల్లె గుర్తొచ్చేది. అక్కడ బావి ఇలా తవ్వాం, అక్కడి పిల్లలు ఇలా పాడారు. ఆ కథలన్నీ తెలుగులో చెప్పలేక నా నోరు నొప్పెట్టేది.

చివరి రోజు పొద్దున, వీడ్కోలు భోజనానికి కోడికూర, రసం నువ్వే వండాలని పెద్దమ్మను ఎస్టేటు హాలుకు పిలిపించారు. తోడుగా నన్నూ అక్కడే ఉండమన్నారు. ముందు గదికి రంగు వేస్తామంటే పెద్దమ్మ తాళం చెవి ఇచ్చి వచ్చింది. లోపలి గది మాట వాళ్లు ఎత్తలేదు, ఆమె చెప్పలేదు.

ఆ లోపలి గదిలోనే ఉంది మా ఇంటి దేవత. పటం కాదు, బొమ్మ కాదు. తూర్పు గోడకు జానెడు మేర పసుపు రాసి, మీద కుంకుమ బొట్లు పెడతాం. అంతే. శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ దేశానికి కూలికి వచ్చిన మా నాన్న వాళ్ల నాయనమ్మ ఆ ఇంట్లో దిగిన రోజున రాసిందట. తర్వాత ఏటా పండగకు పాతది తుడవకుండా దాని మీదే కొత్త పసుపు రాస్తూ వచ్చారు. మా అమ్మ రాసింది, పెళ్లికి ముందు నేనూ రాశాను. పొర మీద పొర పేరుకుని పెచ్చు కట్టింది. ఇంట్లో పెళ్లయితే ఆ పెచ్చులోంచి గోటితో కాస్త గిల్లి పెళ్లికూతురి పసుపులో కలుపుతారు, పిల్లను గోడ ముందు నిలబెట్టి మొక్కిస్తారు. ఆ తల్లికి చూపించకుండా మా ఇంటి ఆడపిల్ల గడప దాటదు. మనవరాలి పెళ్లి వచ్చే నెలలో. పెద్దమ్మ ప్రాణమంతా ఆ పని తన చేత్తో చేయాలనే ఉంది.

మధ్యాహ్నం మా ఇద్దరినీ కళ్లు మూసుకోమని చెప్పి ఇంటికి నడిపించుకుపోయారు. ప్రతి ట్రిప్పులోనూ చివరి రోజున ఒక ఇంటికి సర్‌ప్రైజ్ ఇవ్వడం వాళ్ల పద్ధతట. కళ్లు తెరిచేసరికి లోపలి గది తెల్లగా మెరిసిపోతోంది. రాముడి పటం, మురుగన్ పటం ఎక్కడివక్కడే ఉన్నాయి. మీ దేవుళ్లను ఎంతో గౌరవంగా దించి మళ్లీ తగిలించామని ఆమెకు చెప్పు అన్నాడు నాయకుడు. ఈ గోడ మీద మాత్రం ఏదో పాత మరక మొండిగా పట్టేసింది, గీకి గీకి చేతులు పడిపోయాయన్నాడు. ఆ గీకింది ఎక్కడని అడిగాను. చెత్తతో పాటు పెరట్లో కాల్చేశారట. ఎంత శుభ్రమో.

పెద్దమ్మ గోడ దగ్గరికి వెళ్లి అరచెయ్యి ఆనించింది. రంగు ఇంకా ఆరలేదు. చేతికి అంటిన తెలుపును కొంగుకు తుడుచుకుంది. నేను నోరు తెరవబోతుంటే నా మణికట్టు పట్టుకుంది.

"ఏటీ అనకు, అమ్మీ. తెలీక సేసినారు. అన్నాలు తినీసి ఎల్లిపోతారు."

తెలియక ఏమిటి? అడగడానికి నోరు లేదా? వారమంతా ఆమె చేతి వంట తిన్నారు. మా ఇంట్లో ఏది దేవుడో, ఏది మరకో ఒక్క ముక్క అడిగితే వాళ్ల సొమ్మేం పోయేది? పళ్లు కొరుక్కుంటూ హాలుకు వెళ్లి వాళ్లందరికీ అన్నం వడ్డించాను. పెద్దమ్మ మాట కోసం.

భోజనాలయ్యాక హాలు గోడకు తెల్ల గుడ్డ కట్టి ప్రొజెక్టరుతో ఫొటోలు చూపించడం మొదలుపెట్టారు. ఎస్టేటు జనమంతా ఉన్నారు. తను పనిచేసే ఫ్యాక్టరీ నుంచి మనవరాలు కూడా బైకు మీద నేరుగా అక్కడికే వచ్చింది. నాయకుడు మైకులో "ఇది రంగు వేయక ముందు" అన్నాడు. గుడ్డ నిండా మా పసుపు, మా బొట్లు. మేమెవరమూ ఏనాడూ ఆ తల్లికి ఫొటో తీయలేదు. తీయాలని తోచనైనా లేదు.

పెద్దమ్మ లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది.

చప్పట్లు మారుమోగాయి. నాయకుడు గుండె మీద చెయ్యి వేసుకుని ఆమెకు తల వంచాడు. తనకే దణ్ణం పెట్టిందనుకున్నాడు మహానుభావుడు. తర్వాతి ఫొటో పడింది, తెల్ల గోడ. మళ్లీ చప్పట్లు. పెద్దమ్మ చేతులు దించలేదు.

"అమ్మీ, ఆ ముందు బొమ్మ ఇంకోపాలి ఎయ్యమను. పిల్లని కూడా ఇలాగ రమ్మను."

ఆమె ఏమందని అడుగుతూ నాయకుడు మైకు నా చేతికిచ్చాడు. ఇంక ఆగలేదు నేను. ఆమె మీకు దణ్ణం పెట్టలేదు, మీరు గీకి కాల్చేసిన మా ఇంటి దేవతకు పెట్టింది, వచ్చే నెల పెళ్లి కావాల్సిన పిల్ల ఆ దేవతకు మొక్కాలి, ఇప్పుడు ఆ ఫొటో ఒక్కటే మిగిలింది, మళ్లీ వేయండి అని ఇంగ్లీషులో చెప్పాను. ఒక్క ముక్క తగ్గించలేదు, తీపి చేయలేదు.

బృందంలో ఒకమ్మాయి ఏడవడం మొదలుపెట్టింది. ఓదార్చడానికి నేను వెళ్లలేదు. నాయకుడు ఫొటోలు వెనక్కి తిప్పాడు, పసుపు మళ్లీ వచ్చింది.

మనవరాలు హెల్మెట్ కింద పెట్టి వచ్చింది. తెలుగు అర్థమవుతుంది కానీ పెద్దగా మాట్లాడదు.

"ఇక్కడేనా, మామ్మా?" అంది.

దాని నీడ ఆ పసుపు మీద పడుతోంది. పెద్దమ్మ దాన్ని పక్కకు జరిపి, తల మీద చెయ్యి ఉంచి మొక్కించింది. కాసేపటికి నాయకుడు నా దగ్గరికి వచ్చి, ఇంక తీసేయవచ్చా అని గొంతు తగ్గించి అడిగాడు. ఆమె పని అయ్యేదాకా తీయొద్దన్నాను.

పెద్దమ్మ గుడ్డ దగ్గరికి వెళ్లింది. పెళ్లికూతురి పసుపులోకి కాస్త గిల్లడానికి అలవాటుగా గోరు చాచింది. గోటికి గుడ్డ తగిలింది.