దేవుని గుప్పెడు

నిన్న మా కోడలు తెచ్చిన పిండి పొట్లం విప్పగానే జొన్న, సజ్జ, కొర్ర కలగలిసిన వాసన గుప్పుమంది. ఒంటికి మంచిదట, ఖరీదూ ఎక్కువేనట. దాన్ని ముట్టుకోవడానికి నాకు మొహం చెల్లలేదు.

మా నాయన జహీరాబాద్‌లో పాస్టరు. జీతం పేరుకే, మమ్మల్ని సాకింది దేవుని గుప్పెడు. సంఘంలోని ప్రతి ఆడమనిషీ వండే ముందు గింజల్లోంచి ఒక గుప్పెడు తీసి వేరే ముంతలో వేసి, ఆదివారం కొంగున ముడేసుకుని గుడికి తెచ్చేది. ఒకరిది తెల్లజొన్న, ఒకరిది పచ్చజొన్న, ఇంకొకరిది సజ్జలు, క్రిస్మస్ వస్తే కాసిని బియ్యం, అల్లం తవ్వే రోజుల్లోనైతే అన్నింటికీ అల్లం వాసన. అన్నీ ఒకే చాటలో పడేవి, అమ్మ రాళ్లేరి, తిరగలిలో విసిరి, మచ్చల మచ్చల రొట్టెలు చేసేది.

వానలు ఎగ్గొట్టిన ఏడాది నాయన క్షయతో దవాఖానలో పడ్డాడు. "ఫికర్ చెయ్యకుండ్రి అమ్మగారూ, మేమున్నం" అన్న ఆడవాళ్లు, కూలి దొరకని రోజుల్లో కూడా గుప్పెడు ఆపలేదు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. బడిలో పక్క పిల్ల నా రొట్టె చూసి, "ఏందే, నీ రొట్టెకు తట్టు పోసిందా?" అంటే అందరూ పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ ఆదివారం గుడి వాకిట్లో చాట పట్టుకున్నది నేనే. ఒంటరిగా బతికే కూలి ముసలామె సుందరమ్మవ్వ ముడి విప్పింది; జొన్నల్లో ఉలవలు, మట్టిపెళ్లలు. "మాకొద్దు పో! మేమేమన్న అడుక్కతినేటోళ్లమా?" అన్నాను, ఆమె గింజలు తిని పెరిగిన నోటితోనే. అవ్వ ముడి మళ్లీ వేసుకుని, పోయి వెనక కూర్చుంది.

తర్వాత మూడు వారాలు అవ్వ గుడికి రాలేదు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆమె గుడిసెకు వెళ్లింది. పొయ్యి చల్లగా ఉంది, అవ్వ లేవలేక ముడుచుకుని పడుంది, పక్కనే ముంత నిండా గింజలు.

"ఇన్ని గింజలున్నయి గద అవ్వా, జర గంజన్న కాసుకోవద్దా?"

"అవి దేవునియి అమ్మగారూ. నేనెట్ల తింట?"

"మరి గుడికెందుకు తేలే?"

అవ్వ నా వంక చూసింది. "కాళ్లు సాగలే" అంది.

"మాకిచ్చినయే గద. మా ఇంటి గంజి తాగవా?" అంటూ అమ్మ అక్కడే కాచి తాగించింది. మిగిలిన ముంత నా చేతే ఇంటికి మోయించింది అవ్వ. ఆ సాయంత్రం రొట్టెల ముందు అమ్మ ఆమె కోసం ప్రార్థిస్తే, అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది నేనే, సిగ్గులేనిదాన్ని!

మరుసటి ఆదివారం అవ్వ వచ్చింది. ముడి విప్పే ముందు ఆగి, తీసుకుంటానో లేదో అని నా మొహం చూసింది. తొమ్మిదేళ్ల పిల్లను, నా అనుమతి కోసం! తల దించుకుని చాట ముందుకు చాపాను గానీ, తప్పయింది అనే ఒక్క మాట నోట రాలేదు. ఆమె పోయేదాకా రాలేదు.

ఇప్పుడు గుడిలో కానుక డబ్బుల కవర్లు తిరుగుతున్నాయి, కొంగుముళ్లు లేవు, చాటా లేదు. అలవాటు పోక రోజూ వండే ముందు ఒక గుప్పెడు తీస్తాను. అడిగేవాళ్లు లేరు. కాసేపు పట్టుకుని నిలబడి, మళ్లీ డబ్బాలోనే పోసేస్తాను. ఆకలితో పడున్నా అవ్వ ఆ పని చేయలేదు.