వన్స్ మోర్ వినపడని విలేఖరి

రేపల్లెలో నాటకం ఆడిన మర్నాడు పేపర్లో వేశారు, తెనాలి ప్రమీలారాణి పద్యం మర్చిపోయి మళ్లీ మళ్లీ మొదటికొచ్చిందని. ఆ సాయంత్రం అక్కడే రెండో ఆట. ఆ వార్త రాసిన విలేఖరి దత్తు ఫొటో తీసుకుందామని తెర వెనక్కి వచ్చాడు, ఏమీ ఎరగనట్టు. ప్రమీలారాణి అప్పటికే రాజు వేషం కట్టేసి ఉంది, కోరమీసంతో సహా.

"జనం వన్స్ మోర్ అన్నారు, మళ్లీ పాడాను. నీకు వినపళ్లేదా అబ్బాయ్?"

"కేకలేస్తుంటే గొడవ చేస్తున్నారనుకున్నానండి."

"మీ అమ్మ కూర మారు వడ్డిస్తే, మొదటిసారి ఉప్పు మర్చిపోయిందని రాస్తావా?"

తెర లాగేవాళ్లు తాళ్లు వదిలేసి నవ్వారు. దత్తు కెమెరా సంచీలో పెట్టేశాడు. "సవరణ వేయిస్తానండి."

"నా మీసం గమ్ముతో నిలబడింది. నీ మీసం దేంతో నిలబడుతుందో రేపు పేపర్లో చూస్తాను."

సవరణ పడింది, గోరంత. అయినా పడింది.

ఆ గెలుపు కళ్లారా చూసింది సుబ్బరత్నమ్మ. ఆవిడది కొలకలూరు. ప్రమీలారాణికి మొదట్నించీ మేకప్ వేసి వేషం కట్టించేది ఆవిడే.

అప్పట్నించీ ప్రమీలారాణికీ పేపరోళ్లకీ ఉప్పూ నిప్పూ. ఏళ్లు గడిచాక ఫోన్లు పట్టుకుని చానళ్లవాళ్లు దిగారు. "మీ చివరి నాటకం ఎప్పుడండి?" అని ఒకడు మైకు పెడితే, "నువ్వు మొదటి నాటకం చూశాక," అంది. విలేఖరిని అవమానించిన నటి అని వీడియో పెట్టారు. ఊళ్లకూళ్లు చూశాయి. "నాటకానికి రమ్మంటే ఇంతమంది రారే," అని ఆవిడే నవ్వింది.

మొన్న బాపట్లలో ఆటకి ముందు సుబ్బరత్నమ్మ మీసం అతికిస్తోంది. ప్రమీలారాణి సన్నగా పద్యం అనుకుంటూ మూడో పాదం దగ్గర ఆగిపోయింది. ఎంత తడుముకున్నా మాట అందలేదు. మొదట్నించీ ఎత్తుకుంటే మాత్రం గడగడా వచ్చేసింది.

సుబ్బరత్నమ్మ వేలి మీద గమ్ము ఆరిపోయింది. "ఎప్పట్నించి అక్కా?"

"దసరా ఆట నించి. ముందు వరసలో ఎవరున్నారో చూశావా?"

సుబ్బరత్నమ్మ తెర సందులోంచి చూసింది. దత్తు. బొజ్జ పెరిగింది, ఇప్పుడు సొంత చానలు కూడానూ.

"ఆనాడు వాడు అబద్ధం రాశాడని నోరు మూయించాను," అంది ప్రమీలారాణి. "ఇవాళ వాడి కళ్లముందే అది నిజమైతే, వెనకటి సవరణ కూడా గాలికి పోయినట్టే."

"గొంతు పట్టేసిందని చెప్పి ఆట ఆపించెయ్యనా?"

"గొంతుకేం, నిక్షేపంలా ఉంది. నువ్వెళ్లి వాడి వెనక వరసలో కూచో. నేను రాగం తీస్తూ కిరీటం సర్దుకుంటే, మాట జారిందని గుర్తు. అప్పుడు వన్స్ మోర్ అని కేక పెట్టు."

"పద్యం పూర్తవకుండా వన్స్ మోర్ ఏంటని నవ్వుతారేమో అక్కా."

"నా రాగం వింటూ నవ్వే మొనగాడు ఈ బాపట్లలో ఎవడే? నువ్వు మొదలెట్టు, మిగతా జనం అందుకుంటారు." మీసం మెలేసుకుని లేచింది. "కేక మాత్రం సరిగ్గా వాడి చెవి పక్కన పెట్టు. ఈసారన్నా వినపడాలి వాడికి."